స్కోరు బల్ల దగ్గర ఆవిడ

అత్తకి,

పొడుగు నమస్కరించి రాయునది. నేనిక్కడ క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. కాకపోయినా ఒప్పుకోవు కనక అడగను.

కొత్త క్లబ్బులో చేరి ఆరు వారాలైంది. పదకొండేళ్ళలో ఇది ఎనిమిదో క్లబ్బు, అయిదో దేశం. ఊరు చిన్నది. ఒక రైలు స్టేషను, మూడు మందుల షాపులు, ఒక ఇండోర్ స్టేడియం. బాస్కెట్‌బాల్ అంటే జనం బాగానే నెత్తికెత్తుకుంటారు. మా క్లబ్బుని పోషించేది ఒక పరుపుల కంపెనీ. మా చొక్కాల మీద పరుపు బొమ్మ ఉంటుంది. నేను పడుకునే మంచం మాత్రం నాకు జానెడు పొట్టి. కాళ్ళ దగ్గర స్టూలు వేసుకుని సర్దుకుంటున్నాను.

ఫ్లాటులో ఒక పళ్ళెం, ఒక గ్లాసు, రెండు కుర్చీలు ఇచ్చారు. రెండో కుర్చీ మీద బ్యాగు పెట్టాను, ఊరికే ఖాళీగా ఎందుకుండాలని.

నా పేరు ఇక్కడ ఎవరికీ నోరు తిరగదు. చొక్కా మీది నంబరుతో పద్నాలుగు అంటారు. వీధిలో ఎదురైతే "పద్నాలుగు" అని చెయ్యెత్తుతారు. నేనూ చెయ్యెత్తుతాను. సంభాషణ అక్కడికి సరి. సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే ఆవిడ ఒక్కతే "ఇంకేమైనా కావాలా" అని అడుగుతుంది. అందుకని గుడ్లు పొద్దున కొంటాను, రొట్టె సాయంత్రం కొంటాను. రెండూ ఒకేసారి కొంటే ఆ మాట ఒక్కసారే వినాల్సి వస్తుంది.

ఆట మాత్రం బాగుంది, అత్తా. నాలుగు మ్యాచులాడాం, మూడు గెలిచాం. నాకు ముప్ఫై నాలుగు నిండాయి. ఈ సీజను నిలదొక్కుకుంటే ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటామన్నారు. లేకపోతే నన్ను ఇంకెవరూ పిలవరు. ఆట లేకుండా నేనేం చేస్తానో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

నాలుగు మ్యాచుల స్కోరు షీట్లూ జత చేశాను.

ఇట్లు,
నీ పొడుగు

తా.క. వారానికోసారి ఫోను చేస్తానంటే ఎందుకు వద్దంటావో ఇప్పటికైనా చెప్పు.

*

చిరంజీవి పొడుగుకి,

అత్త ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

ఫోను ఎందుకు వద్దంటే, ఫోనులో నువ్వు బాగున్నానంటే నేను నమ్మి తీరాలి. కాయితం మీదైతే దిద్దవచ్చు. పగలంతా కింద ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ, సాయంత్రాలు మన గ్రౌండులో స్కోరు బల్ల దగ్గర కూర్చుంటూ ఇరవై ఆరేళ్ళు గడిపినదాన్ని. మనుషులు చెప్పేది వేరు, షీటు చెప్పేది వేరు. నాకు షీటు చాలు.

నాలుగు షీట్లూ చదివాను. మొదటి రెండింట్లో నువ్వు మనిషిలాగే ఆడావు. మూడోదాంట్లో పది ఫ్రీ త్రోలకి నాలుగు పోగొట్టావు. ఒరేయ్, ఫ్రీ త్రో అంటే అవతలి అయిదుగురూ చేతులు దించుకుని నిలబడి, నువ్వు వేసుకో నాయనా అని దారి వదిలెయ్యడం. అది కూడా వెయ్యలేకపోతే నీకింకేం సాయం చెయ్యాలి? నాలుగోదాంట్లో ఇరవై రెండు పాయింట్లు. దాన్ని గోడకి అంటించాను. పదకొండేళ్ళ షీట్లతో ఆ గోడ నిండిపోయింది. ఇక తలుపు వెనక మొదలుపెడతాను.

గ్రౌండులో అంతా మామూలే. మంగళవారం, శుక్రవారం మ్యాచులు. నా బల్ల, నా కుర్చీ, నా గొడవ.

పొట్టి మంచం సంగతి పరుపుల కంపెనీకే చెప్పు. వాళ్ళ బొమ్మ గుండెల మీద మోస్తున్నవాడికి జానెడు పరుపు వెయ్యలేరా?

ఇట్లు,
అత్త

తా.క. నీ ఉత్తరంలో ఏడు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపుతున్నాను. సరిచేసిన ప్రతి నాకు పంపక్కర్లేదు, నువ్వు చదువుకుంటే చాలు.

*

అత్తకి,

పొడుగు నమస్కారాలు. ఇక్కడంతా బ్రహ్మాండంగా ఉంది. రెండు మ్యాచులాడాం, రెండూ గెలిచాం. నేను బ్రహ్మాండంగా ఆడాను. కోచ్ కూడా బ్రహ్మాండం అన్నాడు. షీట్లు జత చేశాను.

వాతావరణం బాగుంది. ఆరోగ్యం బాగుంది. మోకాలు బాగుంది. కిటికీకి ఎదురుగా ఒక గోడ ఉంది, అదీ బాగుంది.

ఇంకేం విశేషాలు లేవు.

ఇట్లు,
నీ పొడుగు

తా.క. పాత స్కోరరు తన కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. కొత్త మనిషి వచ్చింది. షీటులో రాత వేరేగా ఉంటుంది, పట్టించుకోకు.

*

చిరంజీవి పొడుగుకి,

అత్త ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

పన్నెండు వరసల ఉత్తరంలో మూడు బ్రహ్మాండాలు, నాలుగు బాగుందిలు. మోకాలి గురించి నేనడగలేదు. ఎదుటి గోడ బాగుందని రాసిన మనిషిని ఇన్నేళ్ళ ప్రూఫుల్లో ఎక్కడా చూడలేదు.

అది అలా ఉంచు. ఆ కొత్త స్కోరరు ఎవరు? పదకొండో నంబరువాడికి మూడో క్వార్టర్లోనే అయిదు ఫౌళ్ళు నిండాయి. అయిదు నిండితే మనిషి ఆట వదిలి బెంచి మీద కూర్చోవాలి. మరి నాలుగో క్వార్టర్లో అదే పదకొండు రెండు పాయింట్లు ఎలా వేశాడు? బెంచి మీద కూర్చునే విసిరాడా? మంచినీళ్ళు తాగుతూ విసిరాడా? ఇలాంటి షీటు మీద నేను చచ్చినా సంతకం పెట్టను.

రెండో సంగతి నీది. రెండు మ్యాచుల్లో నీకు ఒక్క ఫౌలు లేదు. నీకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి రెండు ఫౌళ్ళు లేకుండా ఆట ముగించిన రోజు లేదు. ఫౌలు చెయ్యనివాడంటే ఎవరికీ అడ్డు నిలబడనివాడు. పాయింట్లు మాత్రం దండిగా వేసుకుని, అవతలివాడు వస్తే పక్కకి తప్పుకుంటున్నావన్నమాట. వయసొచ్చిందని ఒళ్ళు దాచుకుంటున్నావా? అంత భయం పట్టుకుంటే చెప్పు, దాచకు.

స్కోరరు గురించి మాత్రం మీ క్లబ్బు సెక్రటరీకి ఫిర్యాదు రాస్తున్నాను. పై వాటాలో ఉండే టీచరు వాళ్ళ భాషలోకి మార్చి పెడతానంది.

ఇట్లు,
అత్త

తా.క. రాస్తున్నాను అన్నానా, రాసేశాను. పోస్టులో కూడా వేసేశాను. ఇప్పుడు నన్ను ఆపడానికి జవాబు రాయకు.

*

అత్తకి,

పొడుగు నమస్కరించి రాయునది.

సెక్రటరీకి ఎందుకు రాశావు? ఆయనకి బోలెడు పని. ఉత్తరాలు చదవడు. చదివినా మర్చిపోతాడు. ఒకవేళ ఆయన ఏమైనా జవాబు రాస్తే నువ్వు చదవకు. ఆయన రాత ఎవరికీ అర్థం కాదు.

పాపం ఆ స్కోరరుని ఏమీ అనకు. ఆవిడ ఈ పనికి కొత్త. మంచి మనిషి. మ్యాచికి గంట ముందే వచ్చి పెన్నులు వరసగా పెట్టుకుంటుంది. రెండు జట్ల పేర్లూ అచ్చు వేసినట్టు రాస్తుంది. ఆ పదకొండో నంబరు పొరపాటు ఎలా జరిగిందో ఆవిడకే తెలియదు. ఎవరికైనా ఒక రోజు బాగుండదు కదా. ఆ రోజు బాగుండలేదు. దానికే ఉద్యోగం పోవాలా? ఆవిడకి ఆ బల్ల తప్ప ఈ ఊళ్ళో ఇంకేమీ లేదు, అత్తా. అది కూడా తీసేస్తే ఎక్కడికి వెళ్తుంది? నువ్వే ఒక బల్ల దగ్గర బతికినదానివి, నీకు నేను చెప్పాలా?

ఒళ్ళు దాచుకుంటున్నానన్నావు. ఈ షీటు చూడు. నాలుగు ఫౌళ్ళు.

ఇట్లు,
నీ పొడుగు

తా.క. అయిదు చేసేవాణ్ణే. అయిదైతే బయటికి పంపేస్తారు కదా అని ఆగాను.

*

చిరంజీవి పొడుగుకి,

అత్త ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

నాలుగు ఫౌళ్ళు చూసి ప్రాణం లేచొచ్చింది. సెక్రటరీ దగ్గర్నుంచి జవాబేమీ రాలేదు. నువ్వన్నట్టే మర్చిపోయి ఉంటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నాలుగో క్లబ్బులో కోచ్‌ని ఉన్నపళంగా తీసేసినప్పుడు నువ్వు ఆయన గురించి ఒకటిన్నర వాక్యం రాశావు. అయిదో క్లబ్బే మూతపడితే "మూసేశారు" అని ఒక్క మాట రాశావు. అలాంటిది, రాత సరిగ్గా రాని స్కోరరు కోసం ఒక పేజీ పొడుగునా వాదించావు. ఎవర్నీ ఇంతలా వెనకేసుకొచ్చిన మనిషివి కాదు నువ్వు. సంగతేదో ఉంది.

నేను తిట్టను. ఆవిడ వయసెంత? ఏం తింటుంది, వేళకి తింటుందా? మ్యాచులు లేని రోజుల్లో ఏం చేస్తుంది? మాట్లాడ్డానికి ఎవరైనా ఉన్నారా? ఊరికే "బాగుంది" అని రాశావంటే ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి తిప్పి పంపుతాను. వివరంగా రాయి.

నువ్వు మాత్రం వచ్చే మ్యాచిలో ఒక క్వార్టరు పూర్తిగా కూర్చో. మోకాలికి విశ్రాంతి. ఫ్రీ త్రోలు ఒక్కటీ పోనివ్వకు.

ఇట్లు,
అత్త

తా.క. ఆవిడ ఎనిమిదంకెని రెండు సున్నాలు ఒకదాని మీదొకటి పెట్టినట్టు వేస్తుంది. మనింట్లోనూ ఒకడు అలాగే వేసేవాడు. ఎంత చెప్పినా మానలేదు.

*

అత్తకి,

పొడుగు నమస్కరించి రాయునది. ఈ దేశంలో ఎనిమిది అందరూ అలాగే వేస్తారు.

నువ్వడిగావు కనక రాస్తున్నాను. సంగతీ గింగతీ ఏమీ లేదు. ఆవిడకి ముప్ఫై నాలుగో, అయిదో. ఒక్కతే ఉంటుంది. పొద్దున లేవగానే కాసేపు మంచం మీదే కూర్చుంటుంది, లేచి చెయ్యాల్సిన పని ఏదీ గుర్తురాక. మ్యాచులు లేని రోజున కూడా స్టేడియంకి వస్తుంది. నేల తుడిచే అతను "ఈ రోజు మ్యాచి లేదు" అని చెప్తాడు. "అవునా" అంటుంది. ప్రతిసారీ అదే మాట. అతనికి కూడా అలవాటైపోయి, ఆవిణ్ణి చూడగానే చెప్పేస్తాడు.

రెండు జతల బట్టలు పట్టుకుని వీధి చివరి లాండ్రీకి వెళ్తుంది. మిషను తిరిగినంతసేపూ అక్కడే కూర్చుంటుంది. అక్కడ వెచ్చగా ఉంటుంది, నలుగురు వస్తూ పోతూ ఉంటారు. ఎవరూ ఎందుకు కూర్చున్నావని అడగరు.

మ్యాచి రోజున మాత్రమే ఆవిడ నిటారుగా ఉంటుంది. నీకు తెలుసు కదా, బల్ల దగ్గరవాళ్ళు చప్పట్లు కొట్టకూడదు, కేకలు వెయ్యకూడదు. స్టేడియం అంతా లేచి నిలబడి ఊగిపోతున్నా తల వంచుకుని అంకె రాయాలి. ఆవిడ రాస్తుంది. పద్నాలుగు బంతి వేసిన ప్రతిసారీ పెన్ను మరీ గట్టిగా నొక్కుతుంది. మ్యాచి అవగానే ఆటగాళ్ళు అందరూ కలిసి తినడానికి వెళ్తారు. ఆవిడ కూడికలు చేసి, సంతకాలు పెట్టించుకుని తలెత్తేసరికి ఎవరూ ఉండరు. ఎవరూ కావాలని వదిలిపెట్టి వెళ్ళరు. పిలవాలని తట్టదు, అంతే.

వేళకి తినదు. ఒకరికి వండుకుని ఒక్కరే తినడం కన్నా పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేస్తే పని అయిపోతుంది కదా.

ఆవిడ మీద జాలి పడమని రాయలేదు. నువ్వడిగావని రాశాను. ఇంత రాస్తాననుకోలేదు.

ఇట్లు,
నీ పొడుగు

తా.క. నువ్వు చెప్పినట్టే మూడో క్వార్టరు పూర్తిగా కూర్చున్నాను. ఫ్రీ త్రోలు తొమ్మిదికి తొమ్మిది. షీటు చూడు.

*

చిరంజీవి పొడుగుకి,

అత్త ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

షీటు చూశాను. కూర్చోమంటే కూర్చున్నావు, వెయ్యమంటే అన్నీ వేశావు. నువ్వింత మాట వినేవాడివైతే చిన్నప్పుడే డాక్టరు చదవమనేదాన్ని.

ఆవిడ గురించి రాసింది నాలుగుసార్లు చదివాను. దిద్దడానికి ఒక్క తప్పు కూడా కనబడలేదు. ఆవిడ చాలా ఒంటరిగా ఉందిరా. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనదు, నాకు తెలుసు అలాంటి మనుషులు. రోజూ వెళ్ళి రెండు మాటలు మాట్లాడు. వంట గిన్నెలోంచి తినవద్దను. పళ్ళెంలో పెట్టుకుని కూర్చుని తినమను. నేల తుడిచే అతను మధ్యాహ్నం ఎక్కడ తింటాడో కనుక్కుని, తన పళ్ళెం పట్టుకెళ్ళి పక్కన కూర్చోమను. ఎవరైనా పిలుస్తారని చూస్తూ ఉంటే జీవితమంతా చూస్తూనే ఉండాలి. పిలవకపోయినా వెళ్ళి కూర్చోవడంలో పరువు పోయేదేమీ లేదు.

ఇప్పుడొక శుభవార్త. నీ షీట్లన్నీ మన గ్రౌండు పెద్దాయనకి చూపించాను. ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. మీ సీజను ముగిసిన మర్నాటికల్లా నువ్విక్కడికి వచ్చెయ్యాలి. పక్క ఊరి జట్టుతో మ్యాచి పెట్టారు. నువ్వే కెప్టెన్‌వి. నలభై నిమిషాలూ నువ్వే ఆడాలని పెద్దాయన పట్టుబట్టాడు. తరవాత సభ, శాలువా, ఉపన్యాసాలు. నేను మాటిచ్చేశాను. కాదంటే ఈ వయసులో నేను తలెత్తుకు తిరగలేను.

పోస్టర్లు కింద ప్రెస్సులోనే అచ్చవుతున్నాయి. నువ్వు గాల్లోకి ఎగిరి బంతి వేస్తున్న ఫోటో. వెయ్యి కాపీలు.

ఇట్లు,
అత్త

తా.క. పోస్టరుకి ప్రూఫు నేనే చూశాను. నీ ఎత్తు రెండంగుళాలు ఎక్కువ పడింది. అలాగే వదిలేశాను.

*

అత్తా,

పోస్టర్లు అచ్చు వెయ్యనీకు. ముందు కిందికి వెళ్ళి ఆపించి, తరవాత మిగతాది చదువు.

ఆవిడంటూ ఎవరూ లేరు. బల్ల దగ్గర కూర్చునేది నేను.

అయిదో మ్యాచిలో, రెండో క్వార్టర్లో, పైకెగిరి దిగేటప్పుడు ఇంకొకడి పాదం మీద నా కాలు పడింది. మోకాల్లో చప్పుడు నాకు వినబడింది. డాక్టరు ఫోటోలు తీసి చూసి, నడవచ్చు, మెట్లెక్కవచ్చు, ఎగరడం మాత్రం ఈ జన్మకి అయిపోయిందన్నాడు. ఎంత చల్లగా చెప్పాడంటే, నేను థాంక్స్ చెప్పి బయటికొచ్చాను.

జట్టుకి బయటి దేశాలవాళ్ళు ఇద్దరే ఉండాలని ఇక్కడ రూలు. నా చోటు ఖాళీ అయిన వారానికల్లా ఇరవై రెండేళ్ళవాడు దిగాడు. పద్నాలుగో నంబరు చొక్కా వాడికిచ్చారు. ఉతికి సిద్ధంగా ఉంది కదా అని. మంచివాడే. నన్ను సార్ అంటాడు. వాడిలో నాకు నచ్చనిది అదొక్కటే. ఇప్పుడు ఊళ్ళో అందరూ వాణ్ణి పద్నాలుగు అంటున్నారు. నన్నేమనాలో తెలియక చెయ్యి మాత్రం ఎత్తుతున్నారు.

సీజను అయ్యేదాకా ఫ్లాటులో ఉండమన్నారు. స్కోరరు వెళ్ళిపోవడంతో సెక్రటరీ నన్నడిగాడు. నీ దగ్గర నేర్చుకున్న పనే కదా, సరేనన్నాను. దెబ్బ తగిలాక నీకు పంపిన షీట్లలో మొదటి రెండూ నిజమైన మ్యాచులే, కొత్తవాడి పేరున్న చోట నా పేరు రాశాను. వాడు ఎవరికీ అడ్డు నిలబడడు, అందుకే ఫౌళ్ళు లేవు. నువ్వు భయమన్నావని ఆ తరవాత నాలుగు ఫౌళ్ళు నేనే వేసుకున్నాను. కూర్చోమన్నావని కూర్చున్నాను. ఆ తొమ్మిది ఫ్రీ త్రోలూ వంటింట్లో కూర్చుని వేశాను, అత్తా. ఒక్కటి పోగొట్టినా బాధగా ఉంటుందని అన్నీ వేసేశాను.

అబద్ధం ఎందుకాడానంటే, నీ గోడ నిండా పదకొండేళ్ళ షీట్లున్నాయి. నాన్న పోయాక నువ్వు నాకు రాసిందంతా ఆట గురించే. నేను నీకు రాసిందీ ఆట గురించే. అది పోతే మనిద్దరం ఏం రాసుకుంటామో నాకు తెలియలేదు. ఆట లేకపోతే నేనెవర్ని? పొడుగ్గా ఉన్నవాణ్ణి, అంతే.

నలభై నిమిషాలు కాదు, నాలుగు నిమిషాలు కూడా పరిగెత్తలేను. పెద్దాయనకి నా తరఫున క్షమాపణ చెప్పు. నీ పరువు తీసినందుకు నీకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఇట్లు,
పొడుగు

తా.క. పదకొండో నంబరు తప్పు మాత్రం నిజంగా నాదే. నా చొక్కా వేసుకుని వాడు మొదటిసారి దిగిన రోజది. కాసేపు నాకు కాయితం కనబడలేదు.

*

చిరంజీవి పొడుగుకి,

అత్త ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అని అలవాటు కొద్దీ రాసి కొట్టేశాను, చూడు. ఇద్దరిలో ఎవరూ కుశలంగా లేరని తేలిపోయింది కనక ఇక ఆ మాట అక్కర్లేదు.

మీ సెక్రటరీ ఉత్తరాలు చదువుతాడు. పదిరోజుల్లో జవాబు కూడా రాశాడు. పై వాటా టీచరు చదివి పెట్టింది. "అమ్మా, మీరు ఫిర్యాదు చేసిన స్కోరరు మీ మేనల్లుడే. మోకాలు పోయింది. మీకు తెలుసనుకున్నాను" అని రాశాడు. ఆ రోజు నేను ప్రూఫులు చూడలేదు.

అంటే, ఆవిడ గురించి నేనడిగిన ప్రతి మాటా నీ గురించే అడిగాను. ఎలా ఉన్నావురా అని నిన్నడిగితే బాగున్నానని రాస్తావు. ఆవిడ ఎలా ఉందంటే నిజం రాశావు. ఆ లాండ్రీ దగ్గరికి వచ్చేసరికి నాకు చూపు ఆనలేదు. తప్పులు లేవని రాశానే, ఉన్నాయో లేదో నాకు నిజంగా తెలియదు.

సెక్రటరీ రాయకపోయినా నీ తొమ్మిదికి తొమ్మిది షీటు చూస్తే తెలిసిపోయేది. ఇరవై ఆరేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చున్నాను, ఏ ఆటా ఒక్కరోజు కూడా నేననుకున్నట్టు నడవలేదు.

మ్యాచి లేదు, పోస్టర్లు లేవు. పెద్దాయన నాలుగేళ్ళ క్రితమే పోయాడు. నీ నోటితో నువ్వు చెప్పేదాకా ఊరుకుందామనుకున్నాను, నువ్వు చెప్పేట్టు కనబడలేదు. సీజను అంతా ఇలా దొంగ షీట్లు రాస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని భయమేసి, నేనూ ఒక అబద్ధం అల్లాను.

అది మొదటిది కాదు. గ్రౌండు కూడా లేదు. రెండేళ్ళయింది తవ్వేసి. అక్కడ కార్లు నిలబెడుతున్నారు. నా బల్ల ప్రెస్సువాళ్ళు తెచ్చుకుని కాయితం కట్టలు పేర్చుకున్నారు. మంగళవారం, శుక్రవారం ఆ కంచె దాకా నడిచి వెనక్కి వస్తున్నాను. నీకు రాయలేదు. స్కోరరు అత్త కాకపోతే నీకు నేనేం చెప్పగలను, నా తిట్లు నువ్వెందుకు లెక్కచేస్తావు అనుకున్నాను. నువ్వు తొమ్మిది వారాలు దాచావు, నేను రెండేళ్ళు దాచాను. అబద్ధంలో కూడా నీకు నేనే సీనియర్ని.

నువ్వు పంపిన ఆ దొంగ షీట్లు ఉన్నాయే, అవి దిద్దుకుంటూ నేను బతికాను. నువ్వు తప్పు చేశావని రాస్తే నేనూ తప్పు చేసినట్టే.

సెక్రటరీ ఇంకో సంగతి కూడా రాశాడు. వచ్చే సీజనుకి స్కోరు బల్ల, ఉదయాల్లో చిన్నవాళ్ళ జట్టుకి ఆట నేర్పడం, రెండూ నిన్ను చూసుకోమని మూడుసార్లు అడిగాడట. నువ్వు ఆలోచిస్తానని తల వంచుకుని వెళ్ళిపోయావట. నీ తరఫున నేను సరేనని రాయలేదు, కాదనీ రాయలేదు. అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట. నేనేమీ బలవంతపెట్టను. ఆలోచించుకోవడానికి తోడుంటాను, అంతే.

ఎందుకంటే ఆయనకి నేను ఇంకో ఉత్తరం రాశాను. మీ స్కోరరుకి ఫౌళ్ళ లెక్క సరిగ్గా రాదు, పక్కన కూర్చుని చూసే మనిషి కావాలి, నాకు తీరికే అన్నాను. రమ్మన్నాడు. ప్రెస్సులో మూడు నెలలు సెలవు పెట్టాను. పాస్‌పోర్టు ఎప్పుడో ఉంది. నువ్వు రెండో క్లబ్బులో ఉన్నప్పుడే తీయించాను. నువ్వు రమ్మంటావని నేను, నేను వస్తానంటానని నువ్వు, ఇద్దరం పదేళ్ళు మర్యాదగా ఊరుకున్నాం.

వచ్చే ఇరవై మూడో తారీకు, గురువారం, మధ్యాహ్నం రెండున్నర రైలుకి దిగుతాను.

ఇట్లు,
నీ అత్త

తా.క. స్టేషనులో నువ్వు నా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడాలేమోనని టీచరు అంటోంది. అదేం వద్దు. ఎంతమందిలో ఉన్నా నువ్వు నాకు కనిపిస్తావు.